ఐదుగురితో మొదలైన బడి

ప్రతి ఏటా జూన్ నెల వచ్చిందంటే మా బడి వరండాలో ఒక చిన్న బల్ల వేస్తాం. బల్ల మీద అడ్మిషన్ రిజిస్టరు, దరఖాస్తు ఫారాలు, సంతకం రానివారి కోసం ఒక ఇంకు ప్యాడు. దాని వెనక మాలో ఎవరో ఒకరు కూర్చుంటారు. తల్లిదండ్రులు వస్తారు, పేరు రాయిస్తారు, వెళ్ళిపోతారు. అడ్మిషన్ అంటే ఇదేనని దాదాపు ఇరవై ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాం. రానివారి గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. రిజిస్టరులో రానివారికి గడి ఉండదు కదా!

మాది కమిటీ నడిపే ఉర్దూ మీడియం ప్రైవేటు బడి. హాస్టలు లేదు, పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోయే పిల్లలే అంతా. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే గదిలో, వేర్వేరు వరుసల్లో కూర్చుని చదువుకుంటారు. చిన్న తరగతుల్లో ఇద్దరి సంఖ్యా ఇంచుమించు సమానం. ఏడో తరగతి దాటేసరికి ఆడపిల్లల వరుసలో బెంచీలు ఖాళీ అవుతూ వస్తాయి. ఇది మా బడికి ఒక్కదానికే ఉన్న జబ్బు కాదని సంఘ సభ్యులందరికీ తెలిసినదే.

మూడేళ్ళ కిందట ఒక తండ్రి వచ్చారు. సైకిళ్ళు బాగుచేసుకుని బతికే మనిషి. "సలాం మాస్టర్ సాబ్, మా అమ్మాయి టీసీ ఇప్పించండి" అన్నారు. ఆ అమ్మాయి అప్పుడే ఏడు పాసయింది. లెక్కల్లో తరగతి మొత్తానికి ముందుండే పిల్ల. ఎందుకండీ అని అడిగితే, "పెద్దదైంది సాబ్, మగపిల్లలతో కలిసి కూర్చోవడం ఇంట్లో పెద్దవాళ్ళకు ఇష్టం లేదు" అన్నారు. మేము నాలుగు మంచి మాటలు చెప్పి చూశాం. ఆయన తల వంచుకుని నిలబడ్డారే గాని కదల్లేదు. పది నిమిషాల్లో టీసీ రాసి ఇచ్చేశాం. కింద సంతకం మాదే.

ఆరు నెలల తర్వాత ఒక పెళ్ళిలో ఆ పిల్ల తల్లి మా ఇంటావిడతో అసలు సంగతి చెప్పారు. బెంచీ గొడవ కాదట. బడి సందు మలుపులో టీ కొట్టు ముందు కుర్రాళ్ళు గుంపుగా నిలబడతారు. సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక పిల్ల ఆ దారిన ఒంటరిగా రావాలి. పైగా మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు! ఈ మాటలు ఒక తండ్రి మగ మాస్టరు ముందు నిలబడి ఎలా చెబుతారు? అందుకే మర్యాదగా "పెద్దవాళ్ళకు ఇష్టం లేదు" అని ఊరుకున్నారు. ఒక గడియ ఖరీదు ఎంత? పిల్లలను గుంపుగా సందు దాటించడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఇంటి గడప మేము ఒక్కసారి తొక్కి ఉంటే, మా ఇంటావిడను వెంట తీసుకుపోయి ఉంటే, ఆ టీసీ రాసేవాళ్ళం కాము.

ఆ బాధతోనే పాత సంగతులు చదవడం మొదలుపెట్టాం. మనకన్నా ఎంతో గడ్డు రోజుల్లో, చేతిలో చట్టం లేకుండా, వెనక ప్రభుత్వం లేకుండా, ఒక వితంతువు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను బడికి తెచ్చారు. ఆమె పెట్టినది ఆడపిల్లల బడి, మాది ఆడామగా కలిసి చదివే బడి. అయినా గడప దగ్గర ఆగిపోయే కాళ్ళు అక్కడా ఇక్కడా ఒకటే. అందుకే ఆ బడి కథను ఈ సంచికలో మన కుటుంబాల ముందు పెడుతున్నాం.

కొవ్వొత్తి వెలుగులో చదువు

బేగం రొకేయా 1880లో నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో ఒక జమీందారీ కుటుంబంలో పుట్టారు. ఇంట్లో అరబ్బీ, ఫారసీ, ఉర్దూలకు గౌరవం ఉండేది. కొడుకులను కలకత్తాలో సెయింట్ జేవియర్స్ కాలేజీకి పంపించారు. కూతుళ్ళకు మాత్రం బెంగాలీ గాని, ఇంగ్లీషు గాని నేర్పించడం మర్యాద కాదనుకున్నారు. అన్నగారు ఇబ్రాహీం సాబేర్ రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయాక కొవ్వొత్తి వెలిగించి చెల్లెలికి ఇంగ్లీషు అక్షరాలు దిద్దించారు. అక్క కరీమున్నిసా బెంగాలీ చదువులో తోడు నిలిచారు. అన్నాచెల్లెళ్ళు ఒకే దీపం దగ్గర కూర్చుని చదువుకున్న ఆ రాత్రులను సహవిద్య అనక ఇంకేమంటాం?

1898లో భాగల్పూర్‌కు చెందిన సయ్యద్ సఖావత్ హుసేన్‌తో ఆమెకు పెళ్ళయింది. ఆయన డిప్యూటీ మేజిస్ట్రేటు, ఉర్దూ మాట్లాడే కుటుంబం వారు, వయసులో చాలా పెద్ద. ఆయన భార్యను చదవమన్నారు, రాయమన్నారు. 1905లో ఆమె ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' కథ మదరాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మేగజైన్'లో అచ్చయింది. ఆ పత్రికను నడిపిన కమలా సత్యనాథన్ మన రాజమండ్రిలో పుట్టిన ఆడపడుచు. బెంగాలులో పర్దా వెనక కూర్చుని ఒకరు రాస్తే, తెలుగు గడ్డన పుట్టిన మరొకరు దానిని అచ్చువేసి లోకానికి చూపించారు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పుకోదగినది.

సఖావత్ సాహెబ్ ఆడపిల్లల బడి కోసమని 10,000 రూపాయలు విడిగా కేటాయించారు. 1909 మే 3న ఆయన కాలం చేశారు. దంపతులకు పుట్టిన ఇద్దరు ఆడశిశువులూ అంతకుముందే చనిపోయారు. అంత దుఃఖంలోనూ ఆమె ఐదు నెలలు తిరగకముందే, 1909 అక్టోబరు 1న, భాగల్పూర్‌లో బడి తెరిచారు. చేరినవారు ఐదుగురు పిల్లలు. కాని కుటుంబంలో ఆస్తి తగాదాలు వచ్చి ఆ ఊళ్ళో నిలవనివ్వలేదు. 1910లో ఆమె ఇల్లూ వాకిలీ వదిలి కలకత్తా చేరారు. 1911 మార్చి 16న వలీవుల్లా లేన్ 13వ నంబరు ఇంట్లో సఖావత్ మెమోరియల్ బాలికల పాఠశాల మళ్ళీ మొదలయింది. ఈసారి ఎనిమిది మంది.

మహానగరంలో ఎనిమిది మంది! చూసేవారికి నవ్వులాటగా కనిపించే సంఖ్యే. మన కమిటీలైతే ఎనిమిది మందికి అద్దె దండగ అని ఆ నెలలోనే తాళం వేసేసేవి.

బడే ఇంటికి వెళ్ళింది

ఆ రోజుల్లో ఆ బడికి అడ్మిషన్ బల్ల లేదు. ఉన్నా అక్కడికి ఎవరూ రారు. బురఖా వేసుకుని రొకేయాయే ఇళ్ళకు వెళ్ళేవారు. తల్లులతో, నానమ్మలతో జనానాలో కూర్చుని మాట్లాడేవారు. పర్దా చెడదని మాట ఇవ్వాలి, ఖురాన్ చదువు ఉంటుందని చెప్పాలి, పిల్లను తీసుకుపోయి తిరిగి దింపే పూచీ తనదేనని ఒప్పుకోవాలి. ఈనాడు పేరున్న బడుల్లో పిల్లకూ తల్లిదండ్రులకూ ఇంటర్వ్యూ పెడతారు. అక్కడ ఇంటర్వ్యూ ఇచ్చింది బడి! ప్రశ్నలు అడిగింది తల్లులు. అందులో నెగ్గితేనే పిల్ల బయటికి వచ్చేది.

ఆమె స్వయంగా ఏ బడిలోనూ చదువుకున్న మనిషి కాదు. తరగతి ఎలా నడుస్తుందో, గంట ఎప్పుడు కొడతారో తెలియదు. నగరంలో ఇతరులు నడిపే ఆడపిల్లల బడులకు వెళ్ళి కూర్చుని పాఠం చెప్పే తీరు చూసి నేర్చుకున్నారు. మాలాంటి ట్రెయినింగు అయిన ఉపాధ్యాయులు సిగ్గుతో తల వంచుకోవలసిన మాట ఇది. ఇరవై ఏళ్ళ సర్వీసులో మేము ఇంకో బడికి పోయి ఒక్క పాఠం విన్నామా?

1915 నాటికి పిల్లల సంఖ్య 84కు చేరింది. ఎనిమిది నుంచి ఎనభై నాలుగుకు నాలుగేళ్ళు పట్టింది. లెక్కల మాస్టరు దీన్ని పదిన్నర రెట్లు అంటారు. మేము మాత్రం ఒక్కొక్క గడప దగ్గర ఆమె ఎంతసేపు నిలబడి ఉంటారో అని ఆలోచిస్తాం. 1917లో అది మిడిల్ స్కూలయింది, 1930 దశకం తొలినాళ్ళకు హైస్కూలయింది.

బడి బస్సు కథ

ఈ బడి చరిత్రలో అన్నిటికంటే మమ్మల్ని కదిలించినది బస్సు సంగతి. దానిని రొకేయా 1931లో వచ్చిన 'అవరోధ్‌బాసినీ' పుస్తకంలో నవ్వుతూనే, గుండె మండుతూ రాసుకున్నారు.

పిల్లలను తేవడానికి బడికి కొత్త మోటారు బస్సు చేయించారు. పర్దా చెడకూడదని దానిని నలువైపులా మూసి కట్టారు. గాలి రావడానికి ముందు ఒకటి, వెనక ఒకటి సన్నని జాలీలు తప్ప ఇంకేమీ లేవు. లోపల చీకటి. మొదటి రోజే పిల్లలు ఉక్కిరిబిక్కిరయ్యారు. కొందరు వాంతులు చేసుకున్నారు, కొందరు స్పృహ తప్పారు, చిన్నవాళ్ళు చీకటికి భయపడి ఏడ్చారు. ఇళ్ళ నుంచి ఫిర్యాదులు వచ్చాయి. సరేనని తలుపులు తీయించి, వాటి స్థానంలో పర్దాలు కట్టించారు. అయినా పిల్లలు సొమ్మసిల్లుతూనే వచ్చారు. బడికి వచ్చిన ఒక హిందూ స్నేహితురాలు ఆ బస్సును కదిలే చీకటి కొట్టుగా వర్ణించి ఎగతాళి చేశారు.

అదే సాయంత్రం టపాలో నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఇంగ్లీషులో, మూడు ఉర్దూలో. రాసినవారు శ్రేయోభిలాషులమని చెప్పుకునేవారే. అందరిదీ ఒకటే మాట: బస్సు పర్దాలు గాలికి ఎగురుతున్నాయి, పర్దా పోతోంది, వెంటనే సరిచేయకపోతే ఉర్దూ పత్రికల్లో బడికి విరుద్ధంగా రాసి పిల్లలను రాకుండా చేస్తాం! చూడండి, ఒక చేత్తో ఊపిరాడని పిల్ల, ఇంకో చేత్తో బెదిరింపు ఉత్తరం. బస్సు మూస్తే పిల్లలు చస్తారు, తెరిస్తే బడి చస్తుంది.

ఆమె బడిని మూయలేదు. ఆ ఉత్తరాలు రాసినవారి ఇళ్ళ పిల్లలూ తనకు కావలసినవారే అనుకున్నారు. పర్దాను ఒక్క దెబ్బతో తెంచే ప్రయత్నం చేయలేదు. తాను కూడా బయటికి వెళ్ళేటప్పుడు బురఖా తీయలేదు. ఆమెను కొందరు ఇందుకూ తప్పుపడతారు. మాకు మాత్రం ఇందులో ఒక ఉపాధ్యాయురాలి ఓర్పు కనిపిస్తుంది. కలం పట్టినప్పుడు ఎంత కటువుగా రాసినా, పిల్ల చేయి పట్టుకున్నప్పుడు ఆ ఇంటి భయాన్ని గౌరవించారు. భయాన్ని ఎగతాళి చేస్తే పిల్ల రాదు. భయానికి పూర్తిగా లొంగిపోతే పిల్లకు గాలి ఆడదు. ఈ రెంటి నడుమ దారి వెతకడమే బడి నడిపేవారి పని.

లోపల ఏం నేర్పారు?

ఖురాన్‌ను అర్థంతో సహా చెప్పించేవారు. ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు ఉండేవి. కుట్టుపని, వంట, రోగులకు సపర్య, ప్రథమ చికిత్స, వీటితోపాటు వ్యాయామం కూడా పాఠాల్లో చేర్చారు. ఆడపిల్లకు వ్యాయామమేమిటని ఆనాడు ఎంతమంది ముక్కున వేలేసుకున్నారో! మన బడుల్లో ఈనాటికీ ఆటల పీరియడ్ అంటే మగపిల్లలు మైదానంలో, ఆడపిల్లలు వరండాలో. దీనికి మేమూ బాధ్యులమే.

భాష సంగతి మాలాంటి ఉర్దూ మాస్టర్లు మనసు పెట్టి వినవలసినది. కలకత్తా మర్యాదస్తుల ముస్లిం కుటుంబాలు ఉర్దూ మాట్లాడేవి కాబట్టి బడి ఉర్దూలోనే మొదలయింది. రొకేయాకు ఉర్దూ బాగా వచ్చు. కాని ఆమె ఉన్నది బెంగాలులో. ఆ నేల భాష రాకుండా పిల్లలు ఎలా బతుకుతారన్నది ఆమె చింత. 1917లో బెంగాలీ శాఖ తెరిచారు. చాలినంతమంది చేరక అది మూతపడింది. తర్వాత మళ్ళీ ప్రయత్నించారు. ఉర్దూను వదలమని ఆమె అనలేదు, బెంగాలీ కూడా కావాలన్నారు. మన జిల్లాలో ఉర్దూ మీడియంలో పది పాసై, బ్యాంకులో తెలుగు ఫారం నింపలేక పక్కవాడిని అడిగే పిల్లలను చూసినప్పుడల్లా మాకు ఆ బెంగాలీ శాఖ గుర్తొస్తుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండు కాళ్ళ మీద నిలబడేవాణ్ణి ఒంటికాలిపై నిలబెట్టకూడదు.

టీచర్ల కొరత ఆమెను చివరిదాకా వేధించింది. చదువుకున్న ముస్లిం స్త్రీలే లేనప్పుడు టీచర్లు ఎక్కడ దొరుకుతారు? ఆ అవసరాన్ని ఆమె ప్రభుత్వం చెవిన వేస్తూనే ఉన్నారు. 1919లో కలకత్తాలో ముస్లిం స్త్రీలకు ట్రెయినింగ్ స్కూలు ఏర్పడింది. అంతకుముందే, 1916లో, అంజుమనే ఖవాతీనే ఇస్లాం అనే సంఘాన్ని ఆమె స్థాపించారు. బడి ఒక్కటే చాలదు, బడి వెనక తల్లుల సంఘం ఉండాలి అని ఆమె గ్రహించారు.

1932 డిసెంబరు 9 తెల్లవారుజామున ఆమె కన్నుమూశారు. స్త్రీల హక్కుల మీద మొదలుపెట్టిన వ్యాసం అసంపూర్తిగా మిగిలింది. తర్వాత బడిని ప్రభుత్వం తీసుకుంది. ఐదుగురితో మొదలైన ఆ బడి నూరేళ్ళు దాటినా కలకత్తాలో ప్రభుత్వ బాలికల పాఠశాలగా నడుస్తూనే ఉంది.

ఒకే బండి, రెండు చక్రాలు

ఆడామగా కలిసి చదవడం గురించి సంఘంలో ప్రతి మీటింగులో వాదన వస్తుంది. ఆడపిల్లలకు విడిగా బడి కావాలని కొందరు పెద్దలు అంటారు. మన హైదరాబాదులోనూ 1907లో మహబూబియా బాలికల పాఠశాల అలాగే వచ్చింది, ఎన్నో ఇళ్ళలో దీపం పెట్టింది. విడి బడి పెట్టగల స్తోమత ఉంటే పెట్టండి, మేము కాదనము. కాని చిన్న ఊళ్ళలో రెండు భవనాలు, ఇద్దరు లెక్కల మాస్టర్లు, రెండు సైన్సు గదులు ఎక్కడి నుంచి తెస్తాం? "విడి బడి వచ్చేదాకా ఆగుదాం" అన్న ఇళ్ళలో పిల్లలు ఆగిపోయారు, బడి రాలేదు.

రొకేయా తన 'అర్ధాంగి' వ్యాసంలో ఒక పోలిక చెప్పారు. బండికి ఒక చక్రం పెద్దదీ, ఒకటి చిన్నదీ అయితే అది ముందుకు పోదు, ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది అని. మా బడిలో పదో తరగతి మగపిల్లలతో నిండి, ఆడపిల్లల వరుస బోసిగా ఉంటే, అది పేరుకే సహవిద్య. రిజిస్టరులో కలిసి చేర్చుకున్నంత మాత్రాన కలిసి చదివించినట్టు కాదు.

చట్టం, మనస్సాక్షి

నేటి చట్టం సంగతి కూడా సభ్యులు తెలుసుకోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. పిల్లను గాని, తల్లిదండ్రులను గాని పరీక్షించి చేర్చుకోవడం ఆ చట్టం ప్రకారం నేరం. క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదు. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు లేదని వెనక్కి పంపకూడదు. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. అయితే 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ బడులకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరు 1న మరొక ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనానికి నివేదించేలా ప్రధాన న్యాయమూర్తి ముందు ఉంచింది.

కోర్టులు చేసేది కోర్టులు చేస్తాయి. మన సంగతేమిటి? మైనారిటీ బడి అన్న పేరు మనకు ఎందుకు ఇచ్చారు? మన పిల్లలను మనం చదివించుకోవడానికి. ఆ పేరు చాటున కూర్చుని రిక్షావాడి పిల్లను వద్దని, దుకాణదారుడి పిల్లను రమ్మంటే, ఆ హక్కు ఎవరి కోసం? చట్టం మనల్ని వదిలిపెట్టిన చోట మనస్సాక్షి పట్టుకోవాలి.

దారి ఖర్చు విషయంలో కాలం కొంత కలిసి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలయింది. యాదృచ్ఛికమే గాని, అది రొకేయా వర్ధంతి రోజు! ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలయింది. ఆనాడు ఒక్క బస్సు కోసం ఆమె పడ్డ పాట్లు తలచుకుంటే ఇది చిన్న సంగతి కాదు. కాని బస్సు స్టాపు దాకే వస్తుంది. స్టాపు నుంచి బడి దాకా, బడి నుంచి ఇంటి దాకా ఉన్న ఆ సందు మనదే.

మా మనవి

సంఘ పెద్దలకు, సోదరీమణులకు మేము చేసుకునే మనవి పెద్దదేమీ కాదు. మే నెలలోనే, అడ్మిషన్ బల్ల వేయకముందే, ఐదు, ఏడు తరగతులు పూర్తిచేసిన ప్రతి ఆడపిల్ల ఇంటికీ ఇద్దరు వెళ్ళాలి. అందులో ఒకరు తప్పకుండా ఆడవారై ఉండాలి. వెళ్ళి ఉపన్యాసం ఇవ్వకండి, వినండి. దారి భయమా, డబ్బు ఇబ్బందా, మరుగుదొడ్డా, తమ్ముణ్ణి ఎత్తుకునేవారు లేకనా, ఏదో ఒకటి బయటికి వస్తుంది. దానిని ఒక నోటుబుక్కులో రాయండి. టీసీ అడగడానికి ఎవరైనా వస్తే అదే రోజు ఇవ్వకుండా, మర్యాదగా, "రేపు మేమే మీ ఇంటికి వస్తాం" అని చెప్పే నియమం ప్రతి బడిలో పెట్టుకుందాం. అప్పటికీ కావాలంటే ఇవ్వక తప్పదు, అది వారి హక్కు.

మా బడిలో మరుగుదొడ్డికి గడియ పెట్టించాం. సాయంత్రం పిల్లలను సందు మలుపు దాటించేదాకా ఒక మాస్టరు వెంట నడుస్తున్నారు. టీ కొట్టు యజమానితో మాట్లాడితే ఆయనే కుర్రాళ్ళను మందలించారు, ఆయనకూ కూతుళ్ళున్నారు. ఇంత తేలికగా అయిపోయే పనిని ఇన్నేళ్ళు చేయలేదే అని మాకు సిగ్గుగానే ఉంది.

ఆ సైకిలు మేస్త్రీ పెద్ద కూతురు ఇప్పుడు ఇంట్లో మగ్గం పని చేస్తోంది. ఆమె చెల్లెలు మా బడిలోనే ఈ ఏడు ఏడో తరగతి చదువుతోంది. మొన్న రంజాన్ తర్వాత మేమూ మా ఇంటావిడా వాళ్ళింటికి వెళ్ళాం. పెద్దమ్మాయి టీ తెచ్చింది. తలెత్తి ఆ పిల్ల ముఖం చూడలేకపోయాం. ఓపెన్ స్కూలులో పది రాయొచ్చని చెప్పి, ఫారం ఆమె చేతిలో పెట్టాం. తీసుకుంది, నింపుతానని గాని, నింపనని గాని అనలేదు. వచ్చే వారం మళ్ళీ వెళతాం.